గిరిజల శోభ

ప్రతి గిరిజన ఆశ్రమ పాఠశాలకూ ఒక ప్రచార సమన్వయకర్త ఉండాలని ఆ సంవత్సరం పైనుంచి నిర్ణయం వచ్చింది. లెక్కల మాస్టారు లేని బడులు చాలా ఉన్నాయి. వంటమనిషి లేని హాస్టళ్ళూ ఉన్నాయి. వాళ్ళు లేరని బయటి ప్రపంచానికి చెప్పడానికైనా ఒక మనిషి ఉండాలి కదా అని కొందరు సమాధానపడ్డారు. లేనివాటి గురించి చెప్పడం ఆ ఉద్యోగంలో భాగం కాదని తరవాత తెలిసింది.

తునికిగుంపు బాలికల ఆశ్రమ పాఠశాలకు ఆ ఉద్యోగం మీద వచ్చిన అమ్మాయి ఇర్పా సారక్క. కోయ పిల్ల. ఆ బడిలోనే పదో తరగతి దాకా చదివి, పట్నంలో జర్నలిజం పట్టా పుచ్చుకుని, ఒక పత్రికలో కొన్నాళ్ళు పనిచేసింది. పత్రికలో ఆమెకు అడవి ప్రాంతపు ఏజెన్సీ వార్తలే అప్పగించేవారు. ఏజెన్సీలో ఎవరైనా చనిపోతేనే అది వార్త. బతికున్నవాళ్ళ గురించి కూడా రాయాలన్న కోరికతో ఆమె ఈ ఉద్యోగానికి వచ్చింది.

వచ్చిన కొత్తలో చాలా హుషారుగా పనిచేసింది. పిల్లలు కబడ్డీ ఆడుతున్న ఫోటోలు తీసింది. సైన్సు గదిలో మైక్రోస్కోపులోకి తొంగిచూస్తున్న ఎనిమిదో తరగతి పిల్లను తీసింది. అన్నిటినీ రాజధానిలోని గిరిజన విద్యా ప్రతిష్ఠా మండలికి పంపింది. మండలికి సంచాలకులు తాడిమళ్ళ చిదానందం గారు. ఆయన మాట్లాడుతుంటే, ఎదుట ఒక్కరే ఉన్నా, శిలాఫలకం ఆవిష్కరిస్తున్నట్టే ఉంటుంది.

మొదటి వీడియో సమావేశంలో ఆయన మైక్రోస్కోపు ఫోటోను తెరమీద పెట్టించి చాలాసేపు చూశారు.

"ఛాయాచిత్రం సాంకేతికంగా నిర్దుష్టంగానే ఉన్నది. కానీ, సారక్కగారూ, ఇందులో గిరిజనత్వం ప్రతిఫలించడం లేదు."

"ఆ పిల్ల కోయపిల్లే సార్," అంది సారక్క.

"అది మీకు తెలుసు. నాకు తెలుసు. చూపరికి తెలియవలదా? మైక్రోస్కోపు వెనుక ఎవరైనా ఉండవచ్చును."

"నేనూ కోయనే సార్. చూస్తే ఇట్టాగే ఉంటాం."

చిదానందం గారు ఆమెను తెరమీద కాసేపు పరిశీలించి, ఆ విషయంలో కూడా మెరుగుదలకు అవకాశం ఉందన్నట్టు తలపంకించారు.

అలా ఉండగా, వేసవి ముందు బడిలో బోరు మోటారు కాలిపోయింది.

బడి వెనక గట్టు దిగితే వాగు ఉంది. తెల్లవారగానే చదువుకోవలసిన వేళకు ఆడపిల్లలు బిందెలు పట్టుకుని గట్టు దిగేవారు. తాగడానికి, వంటకు, గిన్నెలకు, స్నానాలకు అన్నిటికీ ఆ నీళ్ళే. వాళ్ళు మోసి మోసి వచ్చేసరికి మొదటి పీరియడు అయిపోయేది. రెండో పీరియడులో నిద్రపోయేవారు. పదో తరగతి పరీక్షలు దగ్గర పడుతున్నాయి.

ప్రధానోపాధ్యాయుడు వజ్జా భీమయ్య గారు ఇంజనీరింగు శాఖకు ఫోను చేశారు. మోటారు కాలినట్టు ఫోటో ఆధారం కావాలని, అది ప్రతిష్ఠా మండలి ద్వారానే రావాలని వాళ్ళు చెప్పారు.

"ఏంది సారక్కా, కాలిన మోటరు ఫోటోలో ఎట్ట కనపడిద్ది? చూస్తే మంచి మోటరు లాగానే ఉంది," అన్నారు భీమయ్య గారు.

"మోటరును కాదు సార్, పిల్లల్ని తీస్తా. వాళ్ళ అవస్థ చూస్తే ఎవరికైనా అర్థమైద్ది," అంది సారక్క.

మర్నాడు పొద్దున్నే కెమెరా పట్టుకుని గట్టు మీద నిలబడింది. పిల్లలు నిండు బిందెలతో వరసగా ఎక్కి వస్తున్నారు. ముందు మడకం సుక్కి ఉంది. పదో తరగతి పిల్ల. చంకలో ఒకటి, నెత్తిమీద ఒకటి. మెడ ఒరిగిపోయి, పళ్ళు బిగించి నడుస్తోంది. సరిగ్గా ఆ బిగింపు కోసమే సారక్క మీట నొక్కింది. కానీ అదే క్షణంలో వాగు అవతల సూర్యుడు లేచాడు. నీళ్ళు తళుక్కుమన్నాయి, పొగమంచు బంగారు రంగు తిరిగింది, పళ్ళు బిగించిన సుక్కి ముఖం చిరునవ్వు నవ్వుతున్నట్టు పడింది. ఫోటో చాలా అందంగా వచ్చింది. తెరమీద చూసుకున్నప్పుడు సారక్కకు ఎందుకో భయం వేసింది. అయినా, కింద "కాలిపోయిన మోటారు కారణంగా నీళ్ళు మోస్తున్న విద్యార్థినులు" అని రాసి పంపింది.

చిదానందం గారు స్వయంగా ఫోను చేశారు.

"సారక్కగారూ! మీరు సాధించారు! ఏళ్ళ తరబడి మండలి అన్వేషిస్తున్న దృశ్యం ఇదే. ప్రకృతి, స్త్రీశక్తి, ప్రాచీన జలసంస్కృతి... మూడూ ఒకే చట్రంలో! అమాత్యులవారు కూడా వీక్షించి పరవశించారు."

"సంతోషం సార్. మరి మోటరు?"

"అది సమాంతరంగా పరిశీలనలో ఉన్నది."

ఆ ఫోటో ముందు మండలి కేలెండరుకు ఎక్కింది. తరవాత బస్సుల వెనక్కి, విమానాశ్రయం గోడకు ఎక్కింది. మోటారు ప్రసక్తి ఉన్న వాక్యాన్ని, స్థలాభావం వల్ల, తొలగించారు. నెల తిరక్కుండా దాని పేరు మీద ఒక పథకమే వచ్చింది. గిరుల మధ్య జలం గనక, "గిరిజల శోభ" అని పేరు. పథకం కింద తునికిగుంపుకు ఒక లారీ వచ్చింది. మోటారు వచ్చిందని పిల్లలు కేకలు వేస్తూ పరుగెత్తారు. లారీ నిండా మట్టికుండలు.

ప్లాస్టిక్ బిందెలు దృశ్యానికి విఘాతమని, ఇకపై కుండలే వాడాలని ఆదేశం. కుండ ఖాళీగానే సగం నిండిన బిందె అంత బరువు. వాటిలో సగం చెమ్మ కారేవి. పిల్లలు రెండు రోజులు మోసి, ఒక ఉపాయం కనిపెట్టారు. ముందు ప్లాస్టిక్ బిందెలతో నీళ్ళన్నీ తెచ్చుకుని, తరవాత రోజూ మండలికి పంపవలసిన ఫోటో కోసం ఖాళీ కుండలతో ఇంకోసారి గట్టెక్కేవారు. దాంతో రెండో పీరియడు కూడా పోయింది.

భీమయ్య గారు ఆగలేక మండల కేంద్రం నుంచి తెలిసిన మెకానిక్కును పిలిపించారు. అతను మోటారు పైకి తీసి, వైండింగు మార్చేస్తే చాలన్నాడు. ఆ సంగతి ఎలా తెలిసిందో, మధ్యాహ్నానికల్లా రాజధాని నుంచి ఫోను.

"భీమయ్యగారూ, మోటారు పునరుద్ధరణ చర్యలను తక్షణం నిలుపుదల చేయవలసింది. జాతీయ పురస్కార పరిశీలక బృందం ఏ క్షణాన్నయినా విచ్చేయవచ్చును. ఈ దశలో కుళాయిలో నీరు ప్రవహించినట్లయితే పథకం ఆత్మ దెబ్బతింటుంది."

"సార్, పిల్లల చదువు దెబ్బతింటంది సార్."

"చదువు పునరావృతమయ్యే ప్రక్రియ. మళ్ళీ చదువుకొనవచ్చును. దృశ్యం పునరావృతం కాదు."

మెకానిక్కు మోటారును మామిడిచెట్టు కింద పెట్టి, టీ తాగి వెళ్ళిపోయాడు.

గిరిజల శోభకు దక్కుతున్న కీర్తి చూసి మిగతా ఆశ్రమ పాఠశాలలకూ ఉత్సాహం పుట్టింది. నీటి సౌకర్యం ఉన్న బడులు పథకానికి అనర్హం. అందుకని కొన్నిచోట్ల బాగా పనిచేస్తున్న మోటార్లను విప్పి గోనెసంచుల్లో కట్టి అటకెక్కించారు. కొండవాలున ఉన్న ఒక బడికి మాత్రం చిక్కొచ్చిపడింది. మోటారు తీయించారు గానీ దగ్గర్లో వాగు లేదు. తమ బడికి ఒక వాగు మంజూరు చేయవలసిందిగా వాళ్ళు మండలికి విన్నవించుకున్నారు. ఆ విన్నపం ఇప్పటికీ సానుకూల పరిశీలనలో ఉందని వినికిడి.

ఈలోగా సుక్కి గట్టు మీద జారి పడింది. ఒక కాలి మడమ బెణికి, కుండలా వాచింది. సారక్క హడావిడిగా గుడ్డ పట్టీ కట్టి, ఆ కాలు ఫోటో తీసి మండలికి పంపి, ఇక మోటారు బిగించక తప్పదని రాసింది. మండలిలో దృశ్య సంస్కృతి సలహాదారు ఒకాయన ఉన్నాడు, పేరు ప్రణీత్. పల్లెల మీద చాలా ప్రేమ గలవాడు, ఇదివరకెప్పుడూ ఏ పల్లెకూ వెళ్ళలేదు. వెంటనే జవాబు పంపాడు: "చాలా హృద్యం. అయితే పట్టీ మరీ తెల్లగా ఉంది. ఆకుకట్టు కట్టి ఇంకోసారి తీయగలరా?"

ఆ సాయంత్రం సారక్క హాస్టల్లో సుక్కి మంచం పక్కన కూర్చుంది. సుక్కి కాలు దిండు మీద పెట్టుకుని సోషల్ పుస్తకం తిరగేస్తోంది.

"అక్కా, ఒకటి అడుగుతా, ఏమనుకోవుగా?"

"అడుగు."

"నువ్వు ఫోటో తీయకపోతే ఈపాటికి మోటరు బాగయ్యేదంట గదా? వంటక్క అంటంది."

సారక్క సుక్కి కాలి కింది దిండు సర్దింది. పత్రికలో ఉన్నప్పుడు ఎన్ని తిట్లు పడ్డా అంత గుచ్చుకోలేదు.

"నిజమే అయ్యుంటది," అంది చివరికి. "ఉద్యోగం మానేద్దామనుకుంటన్నా."

"నువ్వు మానేస్తే ఇంకొకరొస్తరు. మాకు ఈకలు కూడా పెట్టిస్తరు," అంది సుక్కి పుస్తకంలోంచి తల ఎత్తకుండా. "నువ్వే ఉండక్కా."

సారక్క ఉండిపోయింది.

పథకం మీద లఘుచిత్రం తీయడానికి ప్రణీత్ కెమెరా బృందంతో తునికిగుంపు వచ్చాడు. ప్రతిదానికీ ఆశ్చర్యపోయాడు. పిల్లలు తెలుగు మాట్లాడుతున్నందుకు కొంచెం నిరాశపడ్డాడు. చిత్రానికి ఒక నినాదం కావాలన్నాడు. కోయ భాషలో, అచ్చంగా పిల్లల గుండెల్లోంచి రావాలి.

"నీటిని చూడగానే మీకేమనిపిస్తుందో మీ భాషలో చెప్పండమ్మా," అన్నాడు.

పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వెనకనుంచి ఎవరో, "ఏరు ఇల్లె," అన్నారు. మిగతావాళ్ళు నవ్వుతూ అందుకున్నారు. "ఏరు ఇల్లె! ఏరు ఇల్లె!"

"అబ్బా, ఏం లయ!" అని ప్రణీత్ కళ్ళు మూసుకున్నాడు. డప్పు తెప్పించి, దానికి తాళం కట్టించి, సాయంత్రం దాకా పాడించాడు. దాన్ని వీడియో కాల్‌లో విన్న చిదానందం గారు అర్థం అడిగారు.

సారక్క దాచలేదు. "నీళ్ళు లేవు అని సార్."

చిదానందం గారు కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. "నీళ్ళు లేవు... జలములోనే నిలిచి జలము లేదనుట! ఎంతటి వేదాంతం! మన పండితులు వేల పుటల్లో చెప్పలేనిది ఈ పిల్లలు రెండు మాటల్లో చెప్పినారు."

"వేదాంతం కాదు సార్. బోరు మోటరు కాలిపోయింది."

"మీ వినమ్రత నాకు తెలుసు," అన్నారు ఆయన.

ఆ రెండు మాటలూ చొక్కాల మీద అచ్చయ్యాయి. చిదానందం గారు ఒక చొక్కా తొడుక్కుని, భుజాన కుండ పెట్టుకుని, తమ కార్యాలయం పచ్చికలో ఫోటో దిగి, అధికారులందరూ ఇలాగే దిగాలని పిలుపునిచ్చారు. రెండు రోజుల్లో రాష్ట్రంలో కుండ ఎత్తని అధికారి లేడు. పశుసంవర్ధక శాఖ ఎత్తింది, దేవాదాయ శాఖ ఎత్తింది. ఈత కొలను పక్కన కుండతో దిగిన ఒకాయన్ని మాత్రం జనం ఫోనుల్లో విపరీతంగా ఎగతాళి చేశారు. దాంతో మండలి కొత్త నియమం పెట్టింది: ఫోటో మూలస్థలంలోనే, అంటే తునికిగుంపు వాగు దగ్గరే, సమన్వయకర్త సమక్షంలోనే తీయించుకోవాలి. ఆమె ధ్రువీకరించనిది చెల్లదు.

ఆ నియమం విని భీమయ్య గారు తలపట్టుకున్నారు. "ఇంతమంది సార్లొస్తే వాళ్ళకు తాగడానికి నీళ్ళు ఎవరు మొయ్యాలి బిడ్డా? మళ్ళా పిల్లలేగా!"

సారక్క మాత్రం ఆ నియమాన్ని రెండోసారి చదువుకుని, చాలా రోజుల తరవాత నవ్వింది.

"పిల్లల్ని క్లాసుల్లో కూర్చోబెట్టండి సార్. నేను చూసుకుంటా."

మొదటి జట్టు జీపుల్లో దిగింది. కుండలు ఎత్తుకుని గట్టుమీదే నిలబడి, తీయమన్నారు. సారక్క కెమెరాలోంచి చూసి పెదవి విరిచింది.

"ఖాళీ కుండలు సార్. మెడమీద బరువు కనిపించట్లేదు. సహజత్వం రాలేదు."

సహజత్వం అన్న మాటకు ఎవరూ ఎదురు చెప్పలేకపోయారు. వాగులోకి దిగి నింపుకుని వచ్చారు. గట్టు ఎక్కేసరికి రొప్పుతున్నారు.

"ఇప్పుడు బాగుంది సార్. అయితే కుండతో నిలబడితే కథ పూర్తి కాదు. నీళ్ళు తొట్టిలో పోస్తున్నట్టు ఒకటి కావాలి."

పోశారు.

"అయ్యో, కళ్ళు మూశారు సార్. ఇంకొక్కసారి కిందనుంచి రండి."

మర్నాడు ఇంకో శాఖ వచ్చింది. ఆ మర్నాడు రెండు శాఖలు ఒకేసారి వచ్చి, ముందు మాదంటే మాదని గొడవపడ్డాయి. సారక్క వాళ్ళకు పూటలు కేటాయించింది. ఉదయం రెవెన్యూ, మధ్యాహ్నం వ్యవసాయం. ఎవరూ మొదటిసారికే సహజంగా రాలేదు. కొందరికి మూడోసారికి వచ్చింది. మరీ పెద్ద హోదా గలవాళ్ళకు సాయంత్రందాకా రాలేదు. తునికిగుంపు తొట్లు పొంగిపొర్లాయి. చీపురుతో కడిగిన వరండాలు మెరిశాయి. పిల్లలు మొదటి పీరియడులో చదువుకున్నారు, రెండో పీరియడులో మేలుకున్నారు. కిటికీలోంచి చూస్తే "ఏరు ఇల్లె" అని రాసున్న చొక్కాలు తొడుక్కున్న అధికారులు నిండు కుండలతో గట్టెక్కుతూ కనిపించేవారు. మొదట పిల్లలు పడీపడీ నవ్వారు. తరవాత అలవాటైపోయి, తలెత్తి చూడడం కూడా మానేశారు.

సారక్కకు మాత్రం ఆ నవ్వు ఎంతోసేపు నిలిచేది కాదు. బారులు తీరిన జీపులను చూసినప్పుడల్లా, వీటిలో ఏ ఒక్కదాని వెనక సీట్లోనైనా మోటారు పడుతుంది కదా అనిపించేది.

ఆఖరికి సాక్షాత్తూ చిదానందం గారే విచ్చేశారు. వెంట ప్రణీత్, డ్రోన్ కెమెరా, గొడుగు పట్టే మనిషి. ఆయన పచ్చికలో దిగిన ఫోటో కొత్త నియమం ప్రకారం చెల్లదని కింది ఉద్యోగి ఎవరో భయపడుతూనే గుర్తుచేశాడట. చిదానందం గారు పంచె కట్టారు. నెత్తిన పాగా చుట్టారు. ఏ తెగవాళ్ళ పాగానో ఎవరికీ తెలియలేదు.

"సారక్కగారూ, సంచాలకుడు కనుక ఒకే ప్రయత్నంలో ముగించెదము," అన్నారు.

నిండు కుండ భుజానికెత్తుకుని గట్టు ఎక్కడం మొదలుపెట్టారు. డ్రోన్ తల మీద గింగిరాలు తిరిగింది. ఆయన దానికేసి చిరునవ్వుతో చూస్తూ, పాచిపట్టిన రాయి మీద కాలు వేశారు.

కుండ వాగులో పడింది. సంచాలకులు రాళ్ళ మీద పడ్డారు. నడుము పట్టేసి లేవలేకపోయారు. "అమ్మా! ఓరి నాయనో! సచ్చాన్రా!" అన్నారు. ఆయన నోట వ్యాకరణం లేని తెలుగు వినడం అందరికీ అదే మొదలు.

అంబులెన్సు వాగు దాకా రాదు. ఏం చెయ్యాలో అధికారులకు పాలుపోలేదు. కాలు ఇంకా కొంచెం ఈడుస్తూ సుక్కి గట్టు దిగి వచ్చింది. ఒక దుప్పటి, వెదురు గడ తెప్పించి డోలీ కట్టింది. వాళ్ళ నాయనమ్మను ఆస్పత్రికి అలాగే మోశారు, అందుకని కట్టడం ఆ పిల్లకు చేతనవును.

"అటు మీరు, ఇటు మీరు పట్టుకోండి సార్. అడుగు కలిపి నడవాలె, లేకపోతే ఊగిద్ది," అని ఇద్దరు జాయింట్ డైరెక్టర్లకు చెప్పింది. వాళ్ళు అడుగు కలిపి నడిచారు.

ప్రణీత్ కళ్ళు చెమర్చాయి. "ఏం దృశ్యం! సార్, ఒక్కసారి ఆపి..."

"తీశావంటే నీ ఉద్యోగం పీకిస్తా!" అని డోలీలోంచి గొంతు వినిపించింది.

చిదానందం గారికి ఆస్పత్రిలో నడుముకు పట్టీ వేశారు. తెల్లటి పట్టీ. ఆకులు ఎవరూ కట్టలేదు.

వారం లోపలే తునికిగుంపుకు ఇంజనీర్లు వచ్చారు. పాత మోటారును మామిడిచెట్టు కిందే వదిలేసి, కొత్తది దింపి, కొత్త పైపులు వేసి, కుళాయిలు బిగించి పోయారు. మంజూరు ఉత్తర్వులో కారణం స్పష్టంగానే ఉంది: సదరు వాగు గట్టున గౌరవ అధికారి ఒకరు గాయపడినందున, అధికారుల క్షేమం దృష్ట్యా, సదరు పాఠశాలకు నీటి సరఫరా కల్పించడమైనది. భీమయ్య గారు దాన్ని పైకి చదివి వినిపించారు. సుక్కి తన మడమ వైపు ఒకసారి చూసుకుంది.

ఆ ఆదివారం పొద్దున కుళాయిలు తిప్పారు. ముందు గాలి బుసకొట్టింది, తరవాత ఎర్రనీళ్ళు, తరవాత తెల్లనీళ్ళు. పిల్లలు సీకాయ గిన్నెలు పట్టుకుని, జడలు విప్పుకుని ఎగబడ్డారు. సారక్క నియమం ప్రకారం ఒక ఫోటో తీసి పంపింది. నీళ్ళు పడుతున్న కుళాయి, దాని కింద ఒక చెయ్యి.

కాసేపటికి ప్రణీత్ ఫోను చేశాడు. నిజంగానే ఇబ్బంది పడుతున్నాడు.

"సారక్కగారూ, ఏమీ అనుకోకండి, ఇందులో ఏముంది? శ్రమ లేదు, ప్రకృతి లేదు. అసలిందులో కథేమిటి?"

"నీళ్ళొచ్చాయండీ."

"అది సరే. కథేమిటి అంటున్నా."

"అక్కా, నీ వంతొచ్చింది! తొందరగా రా, వెనకాల చాలామంది ఉన్నరు!" అని సుక్కి కేకేసింది.

సారక్క ఫోను కిటికీలో పెట్టి, జడ విప్పుకుంటూ కుళాయి దగ్గరికి నడిచింది. ప్రణీత్ ఇంకా ఏదో అడుగుతూనే ఉన్నాడు.